కుక్క తినడం లేదంటే, ముందు ఇంట్లో ఎన్ని చేతులు పెడుతున్నాయో లెక్కపెట్టండి

"రెండేళ్ల నాటు కుక్క, ఆపరేషన్ అయింది, 12 కిలోలే ఉంది. డ్రై ఫుడ్ పెడితే వాసన చూసి వెళ్లిపోతుంది. నాలుగు బ్రాండ్లు మార్చాం. ఐదోది ఏది కొనమంటారు?" అని అడిగారు. ఐదోది కొనకండి. నాలుగు మార్చారు కాబట్టే తినడం లేదు. గిన్నె ముందు మొహం తిప్పేస్తే ఇంకా రుచైనది వస్తుందని దానికి అర్థమైపోయింది.

అసలు అది నిజంగా బక్కదేనా? నాటు కుక్కలు, ముధోల్ (దీన్నే కారవాన్ అనీ అంటారు) లాంటి వేట జాతులు సహజంగానే సన్నం. చివరి పక్కటెముకలు రెండు మూడు కనబడినా వాటికది ఆరోగ్యమే. ఎదురింటి లాబ్రడార్‌తో పోల్చి దిగులుపడేవాళ్లే ఎక్కువ, ఆ లాబ్రడార్ చూస్తే ఉండాల్సిన దానికన్నా ఆరు కిలోలు ఎక్కువుంటుంది! మీ పిడికిలి బిగించి కణుపుల మీద వేలు రాయండి. పక్కటెముకలు అలా గరుగ్గా తగిలితే బక్క. చెయ్యి చాపి బోర్లించి వేళ్ల మొదళ్ల మీద రాస్తే ఎలా ఉంటుందో అలా తగిలితే సరిపోయింది. వెన్నుపూసలు, తుంటి ఎముకలు దూరం నుంచే కనబడుతుంటే మాత్రం అనుమానం అక్కర్లేదు.

తర్వాత రోగం సంగతి. మన ఊళ్లలో తిండి మానేసిన కుక్కకు మొట్టమొదట అనుమానించాల్సింది గోమార్ల జ్వరం. కొన్నిచోట్ల వీటినే పిడుదులంటారు. చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో వెతకండి. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, గులాబీ రంగు పోయి తెల్లబడ్డాయంటే ఆ రోజే రక్తపరీక్ష. ముక్కు పొడిగా ఉంది, ఒళ్లు వేడిగా ఉంది అనే అంచనాలు పనికిరావు. డిజిటల్ థర్మామీటర్ కొసకు వాజలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూడాలి. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ కుక్కకు మామూలే, 103 దాటితే డాక్టరు దగ్గరికే. పరీక్షలో ఎర్లీషియా, అంటే గోమార్ల వల్ల వచ్చే జ్వరాల్లో ఒకటి, అని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు రాస్తారు. ఖాళీ కడుపున వేస్తే ఆ మాత్రే వాంతి తెప్పించి, ఉన్న కాస్త ఆకలినీ చంపేస్తుంది. తిండితోనే ఇవ్వాలి, పాలల్లోనో పెరుగులోనో కలిపి మాత్రం వద్దు. పదో రోజుకే తోక ఊపుతోందని మందు ఆపేసేవాళ్లున్నారు, నెల తిరక్కుండా మళ్లీ అదే డాక్టరు దగ్గర కూర్చుంటారు. నులిపురుగుల మందు బరువును బట్టి మూడు నెలలకోసారి. పాచిపట్టిన పళ్లు నొప్పెట్టినా గట్టి తిండి ముట్టదు. తెగ తింటూనే చిక్కిపోతూ, కుప్పలు కుప్పలుగా మెత్తటి మలం పోతుంటే అది మొండితనం కాదు, క్లోమం సమస్య కావచ్చు, పరీక్ష చేయించాలి.

ఇవేవీ లేవంటే రోగం కుక్కలో లేదు, ఇంట్లో ఉంది. నలుగురున్న ఇంట్లో ఒక రోజు చూడండి. పొద్దున ఏడింటికి గిన్నెలో డ్రై ఫుడ్ పోస్తారు. కుక్క వాసన చూసి వెళ్లి సోఫా కింద పడుకుంటుంది. గిన్నె అక్కడే సాయంత్రం దాకా ఉంటుంది, చీమలు పడతాయి. ఎనిమిదింటికి నాన్నగారి టీ దగ్గర నాలుగు మేరీ బిస్కెట్లు. పదింటికి "పాపం, ఏమీ తినలేదు" అని నానమ్మ గ్లాసుడు పాలు. మధ్యాహ్నం పిల్లాడి పళ్లెంలోంచి అర చపాతీ. సాయంత్రం టీకి మళ్లీ నాలుగు బిస్కెట్లు. రాత్రి కూరలోంచి కడిగిన చికెన్ ముక్క ఒకటి. లెక్కేయండి: ఎనిమిది బిస్కెట్లు దాదాపు 200 కేలరీలు, పాలు 120, అర చపాతీ 60, ముక్క 50. మొత్తం 430. మీ కుక్క 15 కిలోలు ఉండాలనుకుంటే దానికి రోజుకు కావాల్సింది సుమారు 850. సగం కడుపు మైదాతో, పంచదారతో నిండింది, కండ పట్టడానికి కావాల్సిన మాంసకృత్తులు మాత్రం దాదాపు లేవు. ఇంట్లో ఎవరినడిగినా "ఏమీ తినడం లేదండీ" అనే అంటారు. నాలుగు చేతులూ వేరు వేరుగా పెట్టాయి కాబట్టి ఎవరికీ మొత్తం తెలీదు.

అందుకే పెట్టే చెయ్యి ఒక్కటే ఉండాలి. రోజుకు రెండు పూటలు, ఒకే చోట, టీవీకి, తలుపుకి దూరంగా. గిన్నె పెట్టి పక్కకు వెళ్లిపోండి, బతిమాలొద్దు, చేత్తో తినిపించొద్దు. 15 నిమిషాలయ్యాక తిన్నా తినకపోయినా తీసేయండి. మళ్లీ పూట దాకా నీళ్లు తప్ప ఏమీ లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒకటి రెండు పూటలు మానేస్తుంది, దానికేం కాదు. మూడోనాటికి చాలావరకు దారికొస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లను దారికి తేవడమే కష్టం. అయితే 24 గంటలు గడిచినా ముట్టకుండా నీరసంగా ఉంటే పంతం మాని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ పద్ధతి కూనలకు, చూడి కుక్కలకు, షుగరున్నవాటికి అసలు వద్దు. చిన్న జాతుల కూనలు ఒక్క పూట మానేసినా రక్తంలో చక్కెర పడిపోయి వణుకుతాయి.

15 కిలోల లెక్కన కొలతలు చెబుతాను. పొద్దున 100 గ్రాముల డ్రై ఫుడ్, అంటే సుమారు 370 కేలరీలు. గోరువెచ్చటి నీళ్లు పోసి పది నిమిషాలు నాననివ్వాలి. కుక్క నాలుకతో కాదు, ముక్కుతో తింటుంది. వెచ్చగా ఉంటేనే వాసన లేస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెడితే సగం కుక్కలు ముట్టవు. రాత్రి ఎముకలు తీసేసిన ఉడికిన చికెన్ 150 గ్రాములు, అన్నం 120 గ్రాములు, ఉడికించిన గుడ్డు ఒకటి, చెంచా నెయ్యి. నెయ్యి పావు చెంచాతో మొదలుపెట్టి వారంలో పెంచండి. బలమొస్తుందని ఒక్కసారిగా గరిటెడు పోస్తే విరేచనాలు, అదృష్టం బాగోకపోతే క్లోమం వాపు. రెండు పూటలూ ఇంటి వంటే పెడతామంటే కాల్షియం తప్పనిసరి. ఉడికించి ఎండబెట్టి మెత్తగా పొడి చేసిన గుడ్డు పెంకు ఈ బరువుకు రోజుకు అర టీస్పూను, అంటే సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం. అయినా ఎప్పటికీ అదే తిండి అనుకుంటే డాక్టరుతో మాట్లాడి మిగతా ఖనిజాలూ విటమిన్లూ చూసుకోండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్క కడిగినా వద్దు. బిర్యానీ బొక్కలు అసలే వద్దు, ఉడికిన ఎముక ముల్లులా చీలి పేగులో గుచ్చుకుంటుంది.

పెరుగన్నం గురించి ఒక మాట, చాలామందికి కోపమొస్తుంది. 200 గ్రాముల అన్నం, 100 గ్రాముల పెరుగులో మాంసకృత్తులు 9 గ్రాములు కూడా ఉండవు. కడుపు బాగోలేని రోజుకు సరే, ఏడాది పొడుగునా అదే పెట్టి బక్కగా ఉందంటే ఎలా?

ఇంకో ఫిర్యాదు. గోనెసంచి మూతి విప్పి కిలోల లెక్కన అమ్మే డ్రై ఫుడ్ కొనకండి. కోస్తా ఉక్కకు అందులో కొవ్వు చేదెక్కిపోతుంది, మీకు తెలీదు గానీ దాని ముక్కుకు తెలుస్తుంది. సీలు సంచి తెచ్చుకుని, ఆ సంచితోనే డబ్బాలో పెట్టి ఆరు వారాల్లో వాడేయండి. బక్క కుక్క కనబడగానే లివర్ టానిక్ సీసా చేతిలో పెట్టే మెడికల్ షాపులదీ ఇదే కథ, కేలరీలు సీసాలోంచి రావు.

రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల్లో ఏ కుక్కా సరిగా తినదు. పొద్దున ఆరులోపు, రాత్రి ఎనిమిది తర్వాత పెట్టండి. తెల్లవారుజామున పసుపు నురగ కక్కితే చాలాసార్లు అది ఖాళీ కడుపు పైత్యమే. రాత్రి తిండిలోంచి రెండు ముద్దలు తీసి పడుకునే ముందు పెట్టి చూడండి. దాంతో ఆగకపోతే చూపించండి.

బరువు వారానికోసారి, అదే రోజు, తినకముందు. మీరు కుక్కనెత్తుకుని కాటా ఎక్కండి, తర్వాత ఒక్కరే ఎక్కి తీసేయండి. వారానికి 120 నుంచి 200 గ్రాములు పెరిగితే చాలు. రెండు వారాలు ముల్లు కదలకపోతే రోజు మొత్తం మీద పదో వంతు పెంచండి. 15కి చేరాక పక్కటెముకలు మళ్లీ తడిమి చూసి, అప్పుడు నెయ్యి ఆపేయండి.