సమోవర్ చుట్టూ కబుర్లు

ప్రశ్న: ఇరాన్ రచయిత్రి మర్జానె సత్రపి తన చిన్నతనం గురించి బొమ్మలతో చెప్పిన 'పెర్సెపొలిస్' చదివి కదిలిపోయాను. ఆ ఊపులోనే ఆవిడ ఇంకో బొమ్మల పుస్తకం 'ఎంబ్రాయిడరీస్' పట్టుకుంటే గంటలో అయిపోయింది. ఆడవాళ్లు కూర్చుని మొగుళ్ల గురించి చెప్పుకోవడమే తప్ప ఏమీ లేదు. ఇరాన్ ఆడవాళ్లంతా ఇంతేనా? 14 ఏళ్ల మా అమ్మాయికి ఈ పుస్తకాలు ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: గంటలో అయిపోయిందంటే మీరు మాటలే చదివి, బొమ్మలు వదిలేశారన్నమాట! మళ్లీ తీయండి. 'పెర్సెపొలిస్'లో బొమ్మల చుట్టూ గళ్లు గీసి ఉంటాయి. 2003లో ఫ్రెంచిలో వచ్చిన 'ఎంబ్రాయిడరీస్'లో ఆ గళ్లు దాదాపు కనిపించవు. ముఖాలూ, చేతిరాత మాటలూ పేజీ అంతా పరుచుకుంటాయి. భోజనాలయ్యాక మగవాళ్లు కునుకు తీస్తుంటే, తలమీద ముసుగు లేకుండా, సమోవర్‌లో (టీకి నీళ్లు మరిగించే పాత్ర) కాచిన టీ తాగుతూ ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో గీతలెందుకుంటాయి?

కబుర్లేగా అంటారా? ఆ ఆడవాళ్లలో ఒకరైన పర్వీన్‌కి 13 ఏళ్లప్పుడు 69 ఏళ్ల జనరల్‌తో పెళ్లి చేశారు. ఇంకొకావిడ నలుగురు ఆడపిల్లల తల్లి. భర్త లైటు ఆర్పేశాకే దగ్గరికొచ్చేవాడు కాబట్టి మగవాడి ఒళ్లెలా ఉంటుందో తను చూడనే లేదంటుంది. నవ్వొచ్చే మాటే. కానీ ఆ కాపురం ఎలా సాగిందో అందులోనే తెలిసిపోలేదూ?

అన్నట్టు, ఇదంతా 1979 ఇస్లామిక్ విప్లవం తెచ్చిపెట్టిందనుకోకండి. పర్వీన్ పెళ్లి అంతకు చాలా ముందటి సంగతి. విప్లవం తర్వాత ఆడపిల్లల పెళ్లి వయసు 9కి దించారు, 2002లో 13 చేశారు. అదో పెద్ద కథ.

ఇరాన్ ఆడవాళ్లంతా ఇంతేనా అంటే, కాదు. ఇది టెహ్రాన్‌లో చదువుకున్న, కలిగిన కుటుంబం. పల్లెలో తివాచీ నేసే ఆవిడ ఈ గదిలో లేదు. ఉన్నట్టు రచయిత్రి చెప్పనూ లేదు.

ఇక మీ అమ్మాయి సంగతి. పడకగది ముచ్చట్లే ఎక్కువ కాబట్టి 'ఎంబ్రాయిడరీస్' కొన్నాళ్లు ఆగనివ్వండి. 'పెర్సెపొలిస్' మొదటి భాగం హాయిగా ఇవ్వొచ్చు. కాకపోతే అందులో ఖైదీలను చిత్రహింసలు పెట్టే బొమ్మలున్నాయి. 2013లో షికాగో ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి ఆ పుస్తకాన్ని తీసేయమన్నప్పుడు ఇలాంటి బొమ్మలనే కారణంగా చూపించారు, పిల్లలేమో రోడ్డెక్కి నిరసన తెలిపారు. మీకు టెన్షన్‌గా ఉంటే ఆ పేజీలు అమ్మాయి పక్కన కూర్చుని చదవండి. 1980లో బడిపిల్లలు కొత్తగా ఇచ్చిన ముసుగులతో ఆడుకునే మొదటి పేజీలకు మాత్రం మీ తోడు అక్కర్లేదు.