ముందు ఫెర్రెట్‌ను పట్టుకోండి, తర్వాత పెట్టెలు సర్దండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో తుపాన్లు, కార్చిచ్చులు, హఠాత్తుగా ఇల్లు వదిలి వెళ్లాల్సి రావడం గురించిన ప్రశ్నలే ఎక్కువ. వాటిలో సగం అమెరికాలో ఫెర్రెట్లు పెంచుకుంటున్న తెలుగువాళ్లవి. ఫెర్రెట్‌ను చూడనివాళ్లకు ఒక్క మాట: ముంగిసకున్నట్టే పొడుగాటి ఒళ్లు, పొట్టి కాళ్లు, కిలో అటూ ఇటూ బరువు. పూర్తి మాంసాహారి. రోజులో పధ్నాలుగు గంటలకు పైగా నిద్రపోతుంది.

ప్రశ్న: హ్యూస్టన్ దగ్గర ఉంటున్నాం. ఇంట్లో రెండు ఫెర్రెట్లున్నాయి. హరికేన్ హెచ్చరిక వచ్చి ఊరు వదలాల్సి వస్తే ఏమేం సిద్ధంగా పెట్టుకోవాలి? ఎక్కడ చూసినా కుక్కల కోసం రాసిన జాబితాలే కనిపిస్తున్నాయి.
*ఒక పాఠకురాలు, కేటీ, టెక్సస్*

కుక్కల జాబితా మీకు సగమే పనికొస్తుందండీ. కుక్కను పిలిస్తే వస్తుంది. ఫెర్రెట్ మాత్రం ఇంట్లో హడావుడి మొదలవగానే సోఫా అడుగు గుడ్డ చించుకుని లోపల దూరి పడుకుంటుంది. బయల్దేరే సమయానికి అది కనిపించక, వెతుకుతూ విలువైన గంట పోగొట్టుకోవడమే చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. అందుకే హెచ్చరిక వినగానే చేయాల్సిన మొదటి పని రెండింటినీ పట్టుకుని కేజ్‌లో పెట్టి తలుపు బిగించడం. బట్టలు సర్దడం, కిటికీలకు ప్లైవుడ్ కొట్టడం ఆ తర్వాతే. ఇప్పటినుంచే రోజూ ఒక కీచుబొమ్మ మోగించి, వచ్చిన వెంటనే నాలుక్కి రెండు చుక్కల సాల్మన్ నూనె అందించండి. కొన్ని వారాల్లో ఆ చప్పుడు వినగానే పరిగెత్తుకొస్తాయి. ఆ బొమ్మను ఆటకు ఇవ్వకండి, పిలుపుకే ఉంచండి.

ప్రయాణానికి గట్టి ప్లాస్టిక్ పిల్లి క్యారియర్ కొనండి. గుడ్డ సంచులను గోళ్లతో, పళ్లతో చించి జిప్ తెరుచుకుంటాయి. తీగల కేజ్ అయితే ఊచల మధ్య సందు అంగుళం ఉండకూడదు, ఫెర్రెట్ తల పట్టిందంటే ఒళ్లంతా పట్టినట్టే. క్యారియర్ తలుపుకు నాలుగు మూలలా జిప్ టైలు వేయండి, కత్తిరించడానికి చిన్న కత్తెర మీ దగ్గరే ఉంచుకోండి. కలిసి పెరిగినవి కాబట్టి రెండూ ఒకే క్యారియర్‌లో ఉంటేనే నిబ్బరంగా ఉంటాయి. లోపల అవి రోజూ పడుకునే ఉయ్యాలగుడ్డే వేయండి. ఉతకవద్దు, ఆ వాసనే వాటికి ధైర్యం.

తిండి లెక్క ఇలా వేసుకోండి. కిలో బరువున్న ఫెర్రెట్ రోజుకు దాదాపు 45 గ్రాముల పొడి మేత తింటుంది. రెండింటికి రెండు వారాలకు కిలోంపావు. తినే బ్రాండే పెట్టండి. అలవాటు లేని మేత ఎదురుగా ఉన్నా పస్తుంటాయి. ఫెర్రెట్ తిన్నది మూడు నాలుగు గంటల్లోనే పేగు దాటిపోతుంది కాబట్టి పస్తు వాటికి తొందరగా ప్రమాదమవుతుంది. మూడు నెలలకోసారి ఆ డబ్బాలోని మేత వాడేసి కొత్తది నింపండి. నీళ్లు ఒక్కోటి రోజుకు వంద మిల్లీలీటర్ల దాకా తాగుతుంది. గిన్నెలు కడగడం, ఒళ్లు తడపడం కలుపుకుంటే రెండింటికి రోజుకు అర లీటరు చొప్పున ఏడు లీటర్లు పెట్టుకోండి. కారు కుదుపులకు వేలాడే నీళ్ల సీసా కారిపోయి పరుపంతా తడుస్తుంది. ఆగినచోట చిన్న గిన్నెలో పెట్టడమే మేలు. లిట్టర్‌కు, అంటే మలమూత్రాల తొట్టెలో వేయడానికి, కాగితపు గుళికలు వాడండి. గడ్డకట్టే మట్టి లిట్టర్ ముక్కులో, పాయువులో అంటుకుంటుంది. దేవదారు పొట్టు వాసన ఊపిరితిత్తులకు చెరుపు.

అన్నింటికన్నా ఎక్కువ భయపడాల్సింది వేడికి. ఫెర్రెట్‌కు చెమట పట్టి ఒళ్లు చల్లబడే వీలు దాదాపు లేదు. 27 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 32 దాటితే వడదెబ్బే. 2005లో రీటా హరికేన్ ముందు హ్యూస్టన్ నుంచి బయల్దేరినవాళ్లు ఎండలో హైవేల మీద గంటలకొద్దీ ఇరుక్కుపోయారు. కారు ఏసీ మీద మాత్రమే ఆధారపడకండి. నీళ్ల సీసాలు మూడు నాలుగు ముందే ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, ఒక్కోదాన్ని మందపాటి సాక్సులో దూర్చి క్యారియర్‌లో ఒక పక్కన పెట్టండి. ఇంకో పక్క ఖాళీగా ఉండాలి, చలేస్తే జరిగే చోటు కావాలి కదా. నోరు తెరిచి రొప్పుతున్నా, చిగుళ్లు ఎర్రగా మారినా, గుడ్డపేలికలా వేలాడుతున్నా పాదాలు, పొట్ట, తొడల లోపలివైపు చల్లటి నీళ్లతో తడిపి గాలి విసరండి. ఐసునీళ్లలో ముంచకండి: చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి లోపలే ఉండిపోతుంది. కాస్త తేరుకున్నట్టు కనిపించినా వెట్‌కు చూపించాల్సిందే.

ఊరు వదలకపోయినా ఇదే కష్టం రావచ్చు. 2024 జులైలో బెరిల్ హరికేన్ తర్వాత హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, అదీ నడి ఎండాకాలంలో. అలాంటప్పుడు కేజ్‌ను మేడ మీది నుంచి కింది అంతస్తుకు దించి, కిటికీ లేని బాత్రూంలో టైల్స్ నేల మీద పెట్టండి.

ఇక కాగితాలు. రేబిస్, డిస్టెంపర్ (కుక్కల నుంచీ అంటే వైరస్ జబ్బు) టీకాల సర్టిఫికెట్లు, మైక్రోచిప్ నంబరు, మీరూ ఫెర్రెట్లూ కలిసి ఉన్న ఫొటో, వీటన్నిటి నకళ్లు నీరు చేరని కవర్లో పెట్టి క్యారియర్‌కే అంటించండి. రేబిస్ కాగితం ఎందుకంటే, బెదిరిన ఫెర్రెట్ షెల్టర్‌లో ఎవరినైనా కరిస్తే పది రోజులు విడిగా ఉంచి గమనిస్తారు. టీకా రుజువు చేతిలో లేకపోతే అధికారులతో మాటలు చాలా కఠినంగా సాగుతాయి. డిస్టెంపర్ టీకా ఇంకా ముఖ్యం. ఆ జబ్బు సోకిన ఫెర్రెట్ దాదాపు బతకదు, షెల్టర్లోనేమో ఎక్కడెక్కడి కుక్కలో వస్తాయి. తుపాను వారంలో వేయించిన టీకా అప్పటికప్పుడు రక్షణ ఇవ్వదు. సీజన్ జూన్ 1న మొదలవుతుంది కాబట్టి ఏప్రిల్‌లోనే వేయించండి. వేయించాక అరగంట క్లినిక్‌లోనే ఉండండి. ఫెర్రెట్లలో టీకా వికటించడం అరుదేమీ కాదు.

కత్రినా తర్వాత 2006లో వచ్చిన సమాఖ్య చట్టం ప్రకారం రాష్ట్రాల విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులకూ చోటుండాలి. కానీ సమాఖ్య విపత్తు సంస్థ ఫెమా ఇచ్చిన నిర్వచనంలో కుక్క, పిల్లి, పక్షి, కుందేలు, ఎలుక జాతి, తాబేలు పేర్లున్నాయే తప్ప ఫెర్రెట్ పేరు లేదు. తీసుకోవాలో వద్దో చాలాచోట్ల అక్కడున్నవాళ్ల నిర్ణయమే. కాబట్టి మీ కౌంటీ అత్యవసర విభాగానికి ఇప్పుడే ఫోన్ చేసి 'ఫెర్రెట్‌ను తీసుకుంటారా' అని పేరు పెట్టి అడగండి. మీరు వెళ్లే దారిలో రెండు మూడు హోటళ్లనూ అలాగే అడిగి పెట్టుకోండి. షెల్టర్‌లో 'చిన్న జంతువులు' అంటూ కుందేళ్ల పక్కన పెడుతుంటారు. వేరే చోట పెట్టమని గట్టిగా అడగండి. ఫెర్రెట్ వాసనకే కుందేళ్లు బెదిరి మేత మానేస్తాయి. మనుషుల ఫ్లూ కూడా ఫెర్రెట్లకు అంటుతుంది. దగ్గుతున్నవాళ్లను దూరంగా ఉంచి, మీరూ మాస్కు పెట్టుకునే మేత వేయండి.

ప్రశ్న: మా ఫెర్రెట్‌కు ఆరేళ్లు. ఇన్సులినోమా ఉందని రోజూ ప్రెడ్నిసలోన్ ఇస్తున్నాం. ప్రయాణంలో ఏదైనా అయితే ఎలా?
*టాంపా నుంచి*

క్లోమంలో గడ్డ వల్ల ఇన్సులిన్ ఎక్కువగా ఊరి, రక్తంలో చక్కెర పడిపోయే జబ్బు ఇది. మీ ఫెర్రెట్‌కు మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపు పనికిరాదు. కార్లో ఉన్నా ఫోన్‌లో అలారం పెట్టుకుని ఆగి తినిపించండి. పొడి మేత ముట్టకపోతే దాన్నే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెత్తగా చిదిమి వేలితో నాకించండి, లేదా ఆక్స్‌బో కంపెనీ కార్నివోర్ కేర్ పొడి కలిపి ఇవ్వండి. ఆ పొడి ప్యాకెట్లు, సూది లేని సిరంజిలు సంచిలో తప్పక ఉండాలి.

చూపు ఎక్కడో నిలిచిపోవడం, చొంగ కారడం, ముందుకాళ్లతో నోరు గీరుకోవడం, వెనకకాళ్లు ఈడ్చడం చక్కెర పడిపోతున్న గుర్తులు. చిటికెడు తేనె చిగుళ్లకు రాయండి. ఫిట్స్ వస్తుంటే వేలు నోట్లో పెట్టకండి, దూదిపుల్లతో పెదవి లోపలివైపు రాస్తే చాలు. గొంతులోకి ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేరుకోగానే మాంసపు మేత పెట్టాలి. అది పెట్టకుండా తేనెతోనే సరిపెడితే గడ్డ ఇంకా ఇన్సులిన్ వదిలి చక్కెర అరగంటలో మళ్లీ పడిపోతుంది. తేనె కేవలం ప్రాణం నిలబెట్టడానికే, రోజూ ఇచ్చేది కాదు.

ప్రెడ్నిసలోన్ ఉన్నపళంగా ఆపకూడదు. రెండు వారాల మందు అదనంగా కావాలని వెట్‌ను ముందే అడిగి, మోతాదు రాసిన చీటీ క్యారియర్ మీద అంటించండి. మీరు పక్కన లేనప్పుడు ఇంకెవరైనా ఇవ్వాల్సి రావచ్చు.

ప్రశ్న: ఒరెగాన్‌లో మెడ్‌ఫర్డ్ పక్కన ఉంటాం. కార్చిచ్చు వస్తే దక్షిణంగా కాలిఫోర్నియాలోని బంధువుల ఇంటికి వెళ్దామనుకున్నాం. ఫెర్రెట్‌తో వెళ్లవచ్చా?

కాలిఫోర్నియాలో ఫెర్రెట్ పెంచడం చట్టవిరుద్ధం, హవాయిలో కూడా అంతే. ఐ-5 హైవే మీద సరిహద్దు దాటాక వ్యవసాయ తనిఖీ కేంద్రం కూడా ఉంది. మీ దారి ఉత్తరానికి, రోజ్‌బర్గ్, యూజీన్ వైపు. లేదంటే తూర్పున క్లామత్ ఫాల్స్. 2020 సెప్టెంబరు 8న ఆల్మెడా మంటలు టాలెంట్, ఫీనిక్స్ ఊళ్లను కొన్ని గంటల్లోనే కాల్చేశాయి కాబట్టి చివరి హెచ్చరిక దాకా ఆగవద్దు. ఒరెగాన్‌లో లెవెల్ 1 అంటే సిద్ధంగా ఉండమని. ఫెర్రెట్ ఉన్న ఇంటికి అదే బయల్దేరే వేళ. కనీసం దాన్నయినా ఉత్తరాన ఉన్న స్నేహితుల దగ్గరికి ఆ రోజే చేర్చండి. దారిలో పొగ ఉంటే కారు గాలి లోపలే తిరిగే మీట నొక్కి ఉంచండి.

ప్రశ్న: విశాఖలో ఆరో అంతస్తులో ఉంటాం. ఒక పిల్లి, ఇరవై కిలోల కుక్క ఉన్నాయి. హుద్‌హుద్‌లాంటిది మళ్లీ వస్తే ఏం చేయాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి విశాఖలో అద్దాలు పగిలి ఇళ్లలోకి ఎగిరిపడ్డాయి, రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేవు. గాలి మొదలవకముందే రెండింటినీ కిటికీ లేని లోపలి గదిలోకి చేర్చండి. పిల్లిని బుట్టలోనే ఉంచండి. అద్దం పగిలిన చప్పుడుకు అది బాల్కనీ వైపు పరిగెడితే పట్టుకోలేరు. లిఫ్టు ఆగితే ఇరవై కిలోల కుక్కను మెట్ల మీదుగా దించాలి కాబట్టి మందపాటి దుప్పటి నాలుగు చెంగులూ ఇద్దరు పట్టుకుని మోసే అభ్యాసం ఒకసారి చేయండి. కుక్కకు రోజుకు లీటరుంపావు నీళ్ల చొప్పున వారానికి తొమ్మిది లీటర్లు పట్టి పెట్టుకోండి.

కింది అంతస్తుల్లో, ఊళ్లలో ఉన్నవాళ్లకు ఒక విన్నపం. ఇల్లు వదిలే పరిస్థితి వస్తే కుక్కను కట్టేసి వెళ్లకండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చిన తీరు చూశాం. గొలుసున్న జంతువు నీరు పెరిగితే ఈదలేదు. వెంట తీసుకెళ్లే వీలు అస్సలు లేకపోతే గొలుసు విప్పి, మేడ మీదికి దారి తెరిచి, నీళ్లు, మేత అక్కడ పెట్టండి. పునరావాస కేంద్రంలో జంతువులను రానిస్తారో లేదో సచివాలయంలో ముందే కనుక్కోండి.

సాయంగా వచ్చే పొట్లాల్లో పులిహోర, సాంబారన్నం ఉంటాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి ఉన్నవి కుక్కకూ పిల్లికీ పెట్టవద్దు, రక్తకణాలు దెబ్బతింటాయి. ఉత్త పెరుగన్నం, ఉడికించిన గుడ్డు ఫరవాలేదు. జ్వరమనిపించి పిల్లికి పారాసిటమాల్ వేస్తే ఒక్క మాత్రే ప్రాణం తీస్తుంది. ఫెర్రెట్‌కూ వేయకూడదు.

వరద నీళ్లలో ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరా క్రిములుంటాయి. కుక్కకు ఆ టీకా ఏటా వేయించాలి. నీళ్లలో తిరిగి వస్తే పాదాలు, పొట్ట సబ్బుతో కడిగి తుడవండి. వారం పది రోజుల్లో వాంతులు, కళ్లు పచ్చబడటం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. తుపాను తర్వాత ఇంట్లో ఫినాయిల్ గుమ్మరించే అలవాటుంది కదా, పిల్లి ఆ నేల మీద నడిచి పాదాలు నాకితే విషమే. నేల పూర్తిగా కడిగి ఆరాకే దాన్ని వదలండి. వీధిలో చల్లిన బ్లీచింగ్ పొడి కూడా కుక్క పాదాలను కాలుస్తుంది.

ప్రశ్న: తుపాను తగ్గి ఇంటికొచ్చాక ఫెర్రెట్ తప్పిపోయింది. ఎక్కడని వెతకాలి?
*ఒక పాఠకుడు, లూసియానా*

ముందు ఇంట్లోనే వెతకండి. సోఫా అడుగు, సొరుగుల వెనక, ఫ్రిజ్ వెనక, డ్రైయర్ గొట్టం, తడిసి ఊడిన గోడ లోపలి దూది. డ్రైయర్, వాలుకుర్చీ మాత్రం చూడకుండా వాడకండి, నలిగిపోతుంది. రాత్రి పడుకునే ముందు ప్రతి గుమ్మం దగ్గర పల్చగా పిండి చల్లితే పొద్దునకు అడుగులు కనిపిస్తాయి. చల్లటి ఒళ్లుతో కదలకుండా పడి ఉంటే చనిపోయిందని అనుకోకండి. ఫెర్రెట్ గాఢనిద్రలో లేపినా లేవదు. ఛాతీ మీద చెయ్యి పెట్టి గమనించండి.

బయటికి పోయి ఉంటే ఎక్కువ దూరం వెళ్లి ఉండదు. పక్కిళ్ల గ్యారేజీలు, వరండా కింద, డ్రైనేజీ గొట్టాల్లో తెల్లవారుజామునా, మసకచీకటిలోనూ కీచుబొమ్మ మోగిస్తూ వెతకండి. దాని ఉయ్యాలగుడ్డ, సాల్మన్ నూనె రాసిన మేత క్యారియర్‌లో పెట్టి తలుపు తెరిచి ఆరుబయట ఉంచండి. ఇళ్లలో పెరిగిన ఫెర్రెట్‌కు వేట రాదు, నీళ్లు దొరక్క రెండు మూడు రోజుల్లోనే నీరసించిపోతుంది. కాబట్టి మొదటి రోజే షెల్టర్లన్నిటికీ ఫొటోతో సహా వెళ్లండి. ఫోన్‌లో అడిగితే అడవి జంతువని రాసుకుని ఉండొచ్చు, స్వయంగా చూడండి.

దొరికాక ఒకేసారి కడుపు నిండా పెట్టకండి. నానబెట్టిన వెచ్చటి మేత రెండు గంటలకోసారి చెంచాడు చాలు. బయట రకూన్లనే అడవి జంతువుల నుంచి డిస్టెంపర్ సోకి ఉండొచ్చు. రెండు వారాలు మిగతా ఫెర్రెట్లకు దూరంగా ఉంచి, గడ్డం కింద దద్దురు, కళ్లు పుసులు కట్టడం, పాదాల తోలు గట్టిపడటం ఉన్నాయేమో రోజూ చూడండి. వాటిలో ఏది కనిపించినా వెట్‌కు ముందు ఫోన్ చేసి విషయం చెప్పి, వాళ్లు రమ్మన్న తలుపు నుంచే తీసుకెళ్లండి. వెయిటింగ్ గదిలో వేరే ఫెర్రెట్లు, కుక్కపిల్లలు ఉండొచ్చు.