కొత్త బ్యాటరీ సంగతి తర్వాత, ముందు వైరు చూడన్నా

ప్రశ్న: నమస్తే సార్, మాది హన్మకొండ. నాలుగేండ్ల కింద వెల్డింగ్ షాపుల చేయించుకున్న చిన్న ట్రైలర్ ఇల్లు ఉన్నది, బొలెరో ఎనుక తగిలించుకొని రామప్ప, లక్నవరం, కాళేశ్వరం పోతుంటం. ముందల హుక్కు మీది ఇనుప డబ్బాల రెండు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు ఉన్నయి. ఇంట్ల ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టం, బండి నడుస్తుంటే అదే ఎక్కుతదని. మొన్న మేడారం జాతరకు బుధవారం పొద్దుగూకేటాల్లకు చేరినం, రాత్రి రెండింటికే ఇన్వర్టర్ కుయ్యిమని ఆగింది, అమ్మకు నెబ్యులైజర్ పెట్టాలంటే పక్క గుడారమోళ్ల జనరేటర్ అడుక్కోవాల్సొచ్చింది. ఇప్పుడు 200 ఏహెచ్ లిథియం ఒకటి కొందామనుకుంటున్న, షాపాయన ఉన్న వైర్లకే తగిలించుకోండి ఏం కాదు అంటుండు. నిజమేనా?

జవాబు: కాదన్నా, అట్ల తగిలించొద్దు. ముందు అమ్మ సంగతి. ఛార్జింగ్ తో నడిచే చిన్న నెబ్యులైజర్లు దొరుకుతయి, డాక్టర్ ను అడిగి ఒకటి కొని సంచిల పెట్టుకోండి. ట్రైలర్ కరెంటు ఎంత మంచిగ చేసుకున్నా ఊపిరికి సంబంధించిన వస్తువు దానొక్కదాని మీదనే ఆధారపడొద్దు.

ఇగ బ్యాటరీల ముచ్చట. నాలుగేండ్లయింది కాబట్టి అరిగిపోయినయ్ అనుకుంటున్నరు గని, మీరు రాసింది చూస్తే అవి ఒక్కసారి కూడ నిండినట్టు లేదు. లెక్క చూడుండ్రి, బొలెరో ముందల బ్యాటరీ నుంచి ట్రైలర్ డబ్బా దాక వైరు 8 మీటర్లు అనుకుందాం, పోయి రావడం 16 మీటర్లు. ఇసొంటి ట్రైలర్లకు మామూలుగ 2.5 స్క్వేర్ ఎంఎం వైరే వేస్తరు. అంత పొడుగు సన్న రాగి వైరుల 20 ఆంప్స్ పోవాలంటే 2 వోల్ట్ లకు పైనే వైరే తినేస్తది, ఇంజిన్ తోని తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఇచ్చే 14 అక్కడికి చేరేసరికి 12 అయితది, 12 వోల్ట్ లతో బ్యాటరీ నిండదు కదా. అందుకే 20 కాదు, ఏ నాలుగో ఐదో ఆంప్స్ మాత్రమే ఎక్కుతయి. హన్మకొండ నుంచి మేడారం మూడు గంటల ప్రయాణం అనుకుంటే ఎక్కేది 15 ఏహెచ్ (ఏహెచ్ అంటే ఆంప్స్ ను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క), మీ రెండిట్ల పట్టేదేమో 300. మీ ట్యూబులర్ల అసొంటి లెడ్ యాసిడ్ బ్యాటరీ సగం ఖాళీగ నెలల తరబడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతది, ఇగ అది మళ్ల కరగదు. మీ బ్యాటరీలు అట్లనే పోయినయి. అదే వైరుకు లిథియం తగిలిస్తే అది చెడిపోదు, కానీ అదీ నిండదు, వచ్చే జాతరల మళ్ల రాత్రి రెండింటికి అదే కుయ్యి.

అట్లని లావు వైరు వేసి నేరుగ కలిపినా తప్పే. లిథియం ఎంతిస్తే అంత గుంజుకుంటది, ఆల్టర్నేటర్ గంటల తరబడి ఫుల్ లోడ్ మీద తిరిగి వేడికి కాలిపోవచ్చు. అందుకని నడుమ డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టాలె, అది ఆల్టర్నేటర్ నుంచి మితంగనే తీసుకొని బ్యాటరీకి కావాల్సిన వోల్టేజ్ చేసి ఇస్తది, 30 ఆంప్స్ ది, లిథియం సెట్టింగ్ ఉన్నది, ట్రైలర్ బ్యాటరీ దగ్గర్నే బిగించాలె. దానికి 16 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే నష్టం అర వోల్ట్ చుట్టే. అదే మూడు గంటల ప్రయాణానికి ఇప్పుడు 90 ఏహెచ్ దాక ఎక్కుతది. ఫ్యూజ్ మాత్రం రెండు కొసలకూ పెట్టించండి, బొలెరో బ్యాటరీ పక్కన ఒకటి, ట్రైలర్ బ్యాటరీ పక్కన ఒకటి, ఎందుకంటే రెండు దిక్కులా కరెంటు ఉంటది, వైరు నడుమల ఎక్కడ ఒరుసుకపోయినా రెండు పక్కలనుంచి మంట.

200 ఏహెచ్ సరిపోతదా అంటే, మీ ఇంట్ల ఏమేం ఉన్నయో రాయలేదు కాబట్టి నేనే ఊహించి చెప్తున్న. 12 వోల్ట్ ఫ్యాన్లు రెండు, చిన్న ఫ్రిజ్, లైట్లు, ఫోన్లు, అమ్మ మిషన్, కొంచెం సేపు మిక్సీ, అన్నీ కలిపితే రోజుకు 1400 వాట్ అవర్స్ దగ్గరికొస్తది, ఇందుల ఫ్రిజ్జే దాదాపు సగం. 200 ఏహెచ్ లిథియంల ఉండేది, 12.8 వోల్ట్ లతో గుణిస్తే, 2560 వాట్ అవర్స్, నిమ్మళంగ వాడుకోగలిగేది 2000 పైన. అంటే ఒకటిన్నర రోజు. జాతర నాలుగొద్దులు. కాబట్టి పైకప్పు మీద 200 వాట్స్ సోలార్ ప్యానెల్, ప్యానెల్ నుంచి వచ్చినంత గుంజి బ్యాటరీకి సరిగ్గ ఇచ్చే ఎంపీపీటీ కంట్రోలర్ వేసుకుంటే రోజుకు 700 దాక తిరిగొస్తది, బ్యాటరీ నిండుగ పోతే మూడు రోజులు నడుస్తది, ఫ్రిజ్ కొంచెం తక్కువ వాడితే నాలుగోది కూడ. బండి మాత్రం ఎండల ఆపాలె, చెట్టు కింద ఆపుకొని సోలార్ పనిచేస్తలేదంటే ఏం చేస్తం.

ఇప్పుడు ఎవ్వరూ చెప్పని ముచ్చట, దీన్ని మస్తు శ్రద్ధగ చదవండి. మీ ట్యూబులర్లు రెండు కలిపి క్వింటాల్ దాటుతయి, 200 ఏహెచ్ లిథియం పాతిక కిలోల చుట్టు ఉంటది. అవి ఉన్నది సరిగ్గ హుక్కు మీద. అవి తీసేస్తే ట్రైలర్ ముందర భాగం ఒక్కసారి 80, 90 కిలోలన్న తేలికయితది. ముందు తేలికైన ట్రైలర్ స్పీడుల తోక ఊపుతది, ములుగు రోడ్డు మీద లారీ పక్కనుంచి దాటినప్పుడు ఆ గాలికి అటూ ఇటూ ఊగడం మొదలైతే ఆపుడు కష్టం, బొలెరోను కూడ గుంజుకపోతది. మొత్తం ట్రైలర్ బరువుల 10 శాతమన్న హుక్కు మీద ఉండాలె, ట్రైలర్ 900 కిలోలుంటే 90. ఎనుమాములల మిర్చి బస్తాలు జోకే కాటా అసొంటిది తెచ్చి హుక్కు కింద పెట్టి జోకండి, బ్యాటరీ మార్చకముందు ఒకసారి, మార్చినంక ఒకసారి, సామాన్లన్ని పెట్టుకొనే. తక్కువొస్తే నీళ్ల ట్యాంకు, బియ్యం, వంట సామాను ముందరికి జరపండి.

లిథియంను మళ్ల ఆ ఇనుప డబ్బాల పెట్టొద్దు. రామగుండం దిక్కు ఎండకాలం 45 దాటుతది, ఎండల ఇనుప డబ్బ లోపల ఇంకెంతుంటదో మీకే తెలుసు, గంత వేడిల ఛార్జింగ్ పెడితే దాని ఆయుష్షు తగ్గుతది. దీన్నుంచి యాసిడ్ వాసన రాదు కాబట్టి లోపల మంచం కింద పెట్టుకోవచ్చు, గ్యాస్ సిలిండర్ కు దూరంగ. ఇన్వర్టర్ కూడ దాని పక్కన్నే ఉండాలె, 1000 వాట్స్ ది 100 ఆంప్స్ దాక గుంజుతది, దానికి 35 స్క్వేర్ ఎంఎం పొట్టి కేబుల్, 150 ఆంప్స్ ఫ్యూజ్. ఇంటి దగ్గర కరెంటుతో ఛార్జ్ చేసేటప్పుడు పాత ట్యూబులర్ ఛార్జర్ వాడకండి, 14.6 వోల్ట్ లు దాటనియ్యని లిథియం ఛార్జరే కావాలె.

కొనేటప్పుడు స్టిక్కర్ మీద ఏముందో నమ్మకండి. నిండ ఛార్జ్ చేసి, కారు హెడ్ లైట్ బల్బులు 60 వాట్స్ వి రెండు తగిలించి వదిలేయండి, 20 గంటలు వెలగాలె. 12 గంటలకే ఆరిపోతే అది 200 ఏహెచ్ కాదు, వాపస్ ఇచ్చేయండి. ఇంకొకటి, లిథియంల ఎంత మిగిలిందో వోల్ట్ మీటర్ చెప్పలేదు, నిండుకు దగ్గరున్నా సగమున్నా ఇంచుమించు 13 చూపిస్తనే ఉంటది, అందుకే షంట్ (వచ్చే పోయే కరెంటును కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టించుకోండి.

ప్రశ్న: కాజీపేట నుంచి. మా దగ్గర టిఫిన్ ట్రైలర్ ఉన్నది. ట్యూబులర్ ఇంకా మంచిగనే ఉన్నది, దాని పక్కన్నే లిథియం కలిపి పెట్టొచ్చా? పాత ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ కూడ తక్కువకు వస్తున్నది.

జవాబు: రెండూ వద్దు తమ్మీ. ట్యూబులర్ నిండితే 12.7 దగ్గర నిలుస్తది, లిథియం 13.3 దగ్గర, కలిపితే లిథియంల కరెంటు ఊకె ట్యూబులర్ లకు పోతనే ఉంటది. స్కూటర్ బ్యాటరీ 48 వోల్ట్ లో 60 వోల్ట్ లో ఉంటది, విప్పి 12 చేసిస్తమనేటోళ్లు ఉంటరు, చేయించకండి. పొయ్యి పక్కన, నూనె పక్కన, మనుషులు నిలబడి తినే బండిల విప్పి అతికిన సెల్స్ పెట్టుడు ప్రాణాల మీదికొస్తది. ట్యూబులర్ మంచిగుంటే డిస్టిల్డ్ వాటర్ పోసుకుంట దాన్నే వాడు, అది పోయినంక షాపుల ఎక్స్చేంజ్ ఇచ్చి మొత్తం మార్చు.