తుపాకీ కొనడానికి తొందరపడకు నాన్నా

నాన్నా సందీప్,

జర్మనీలో షూటింగ్ క్లబ్‌లో చేరి, వీలైతే ఈ ఏడాదే సొంత పిస్టల్ కొంటానని రాశావు. మీ అమ్మ అప్పుడే టెన్షన్ పడి నాకు ఫోన్ చేసింది. నేను మాత్రం క్లబ్‌లో చేరమనే చెప్తాను. మ్యూనిక్ దగ్గర మా ఊరి షూట్సెన్‌ఫెరైన్‌లో, అంటే షూటింగ్ క్లబ్‌లో, ఏళ్లుగా ఉన్నదాన్ని, ఆ ఆట మనిషికి ఎంత నిదానం నేర్పుతుందో నాకు తెలుసు. కొనడం దగ్గరే ఆగమంటున్నాను.

ముందు ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టు. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే, కాబట్టి చిన్నపిల్లల ఆటేమో అనుకోకు. క్లబ్ తుపాకీతో, పర్యవేక్షకుడి ఎదుట కాలుస్తావు కనుక నీకు లైసెన్స్ అక్కర్లేదు. ఆయన ఆపమంటే ఆ క్షణమే ఆపాలి. తుపాకీ ఖాళీ అని ఎవరు చెప్పినా నీ కళ్లతో చూసుకోందే నమ్మకు, గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు. బీరు తాగాలనుంటే అంతా అయ్యాక, తుపాకులు లోపల పెట్టాక తాగు, అంతకుముందు ఒక్క గుక్క కూడా వద్దు.

ఇక సొంత తుపాకీ సంగతి. కనీసం 12 నెలలు క్లబ్‌లో ఉండి, నెలకోసారైనా లేదా ఏడాదిలో 18 సార్లైనా లైసెన్స్ అవసరమయ్యే తుపాకీతో ప్రాక్టీస్ చేసినట్టు రుజువుండాలి, ఆ పైన పరీక్ష పాసవ్వాలి. నీకింకా 25 నిండలేదు కాబట్టి పెద్ద క్యాలిబర్, అంటే పెద్ద గుండు కాల్చే తుపాకీ, కావాలంటే మానసిక నిపుణుడి సర్టిఫికెట్ కూడా అడుగుతారు. పైగా ఈ దేశంలో వరసగా ఐదేళ్లు నివాసం లేకపోతే అధికారులు నీ దరఖాస్తు కొట్టేయొచ్చు, నువ్వొచ్చి రెండేళ్లు కూడా కాలేదు. ఇన్నీ దాటి చేతికొచ్చేది వాఫెన్‌బెజిట్స్‌కార్టె, అంటే ఉంచుకోవడానికి అనుమతి. జేబులో పెట్టుకుని తిరగాలంటే వాఫెన్‌షైన్ కావాలి, అది మామూలు మనిషికి దాదాపు ఇవ్వరు. రేంజ్‌కి తీసుకెళ్లేటప్పుడు కూడా గుళ్లు తీసేసి, పెట్టెలో పెట్టి తాళం వేయాల్సిందే.

ఇంత కట్టుదిట్టం ఎందుకని విసుక్కోకు. 2009 మార్చిలో ఇక్కడి వినెండెన్ అనే ఊళ్లో మొదలుపెట్టి 17 ఏళ్ల కుర్రాడు 15 మందిని కాల్చి చంపి తనూ చచ్చిపోయాడు. ఆ పిస్టల్ వాళ్ల నాన్నది, లైసెన్స్ ఉన్నదే, ఆయన క్లబ్ సభ్యుడే. మిగతా తుపాకులన్నిటికీ తాళం వేసి, ఆ ఒక్కటి మాత్రం పడకగదిలో ఉంచాడు. కోర్టు ఆయన్నీ దోషిగా తేల్చింది. ఆ ఘటన తర్వాతే అధికారులు ఏ అనుమానం లేకపోయినా ఇంటికొచ్చి తుపాకీ ఎలా దాచావో చూసేలా చట్టం మారింది. నువ్వు తలుపు తీయనంటే లైసెన్సుకే ముప్పు. ఆ చట్టాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. తుపాకీ నాదైనప్పుడు దాన్ని ఎవరూ ముట్టకుండా చూసే పూచీ కూడా నాదే కదా.

ఇప్పుడు నీ రూమ్ గురించి ఆలోచించు. ముగ్గురు కలిసి ఉంటున్నారు, వారాంతాల్లో ఫ్రెండ్స్ వచ్చిపోతుంటారు. కొత్తగా కొనే సేఫ్ భద్రత ప్రమాణాల్లో కనీసం 0 గ్రేడ్‌ది ఉండాలి, అది మోయడానికే నలుగురు కావాలి. తాళం చెవి ఉన్నది కొంటే ఆ చెవిని కూడా అంత భద్రంగానే దాచాలని 2023లో మ్యూన్‌స్టర్ కోర్టు చెప్పింది, కాబట్టి ఎప్పుడు కొన్నా నంబర్ లాక్‌దే కొను. ఆ నంబర్ నీ పుట్టినరోజు కాకూడదు, రూమ్మేట్‌కి కాదు కదా రేపు పెళ్లయ్యాక మీ ఆవిడకైనా, ఆమెకు లైసెన్స్ లేకపోతే, చెప్పకూడదు. ఇండియాకి నెల రోజులు వెళ్లినా అంతే. తుపాకీ పట్టుకున్న ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకు, ఇంట్లో తుపాకీ ఉందని దొంగకు నువ్వే చెప్పినట్టవుతుంది.

మరో మాట. ఎప్పుడైనా మనసు బాగోలేక, నిద్ర పట్టక ఇబ్బంది పడుతుంటే ఆ వారం రేంజ్‌కి వెళ్లకు, నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే.

మీ ఊళ్లో క్లబ్‌లు చాలానే ఉంటాయి. శిక్షణ ఉన్న సాయంత్రం వెళ్లి ఊరికే కూర్చుని చూడు. కొత్తవాళ్లకు ఓపిగ్గా చెప్తున్నారా, పర్యవేక్షకుడి మాట పాత సభ్యులు కూడా వింటున్నారా, ఈ రెండూ గమనించి నాకు రాయి, ఫారం మీద సంతకం ఆ తర్వాత పెడుదువుగాని.

ప్రేమతో
మీ పెద్దమ్మ