‘కిల్లింగ్ ఈవ్’ ముగింపును నేను ఇప్పటికీ ఎందుకు ఒప్పుకోలేకపోతున్నాను

ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమను చూపిన నేరకథల సీరియల్ ‘కిల్లింగ్ ఈవ్’ చూడవచ్చా, దాని ముగింపు మీద ప్రేక్షకులకు అంత కోపం ఎందుకని అడిగారు. తప్పకుండా చూడండి. కోపం సంగతి మాత్రం వివరంగా చెప్పవలసి ఉంది. ఆ సీరియల్‌లోని 32 భాగాలనూ నేను రెండుసార్లు చూశాను, రెండవసారి చూస్తూ ఇంకొకరికి నోటితో కథగా చెప్పాను.

2023 వేసవిలో మా చిన్నమ్మ కంటి శుక్లం ఆపరేషన్ కోసం జనగామ నుంచి హైదరాబాదు వచ్చి, తార్నాకలో నేనూ నా సహచరీ ఉంటున్న ఇంట్లో మూడు వారాలు ఉంది. వయసులో ఉన్నప్పుడు అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చుకున్న కొమ్మూరి సాంబశివరావు గారి నవలలన్నీ చదివి, డిటెక్టివ్ యుగంధర్ కంటే ముందే హంతకుణ్ణి పట్టుకోగలనని ఇప్పటికీ నమ్మే మనిషి ఆవిడ. కొన్నాళ్లు చదవవద్దనీ, టీవీ చూడవద్దనీ డాక్టరు చెప్పేసరికి ఆవిడకు పొద్దు గడవడం కష్టమైంది. సాయంత్రాలు మంచం మీద కళ్లు మూసుకుని పడుకునేది, నేను పక్కన కూర్చుని తెర మీద జరుగుతున్నది జరుగుతున్నట్టుగా చెప్పేదాన్ని. మేము చూసిన చోట తెలుగు మాటలు గానీ, కింద తెలుగు అక్షరాలు గానీ లేవు. కొరియా సీరియళ్లకు తెలుగు డబ్బింగ్ దొరుకుతున్న రోజుల్లో ఇలాంటి కథను ఇంగ్లీషు వచ్చినవారికే వదిలివేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కథలో ఈవ్ బ్రిటిష్ గూఢచారి విభాగంలో పనిచేసే ఉద్యోగిని, విలనెల్ డబ్బు తీసుకుని మనుషులను చంపే యువతి. మొదటి భాగంలోనే ఆసుపత్రి స్నానాలగదిలో ఇద్దరూ ఎదురుపడతారు. ఈవ్ అద్దం ముందు జుట్టు సరిచేసుకుంటూ ఉంటే, నర్సు దుస్తుల్లో ఉన్న అపరిచితురాలు ఒక్క క్షణం ఆగి, జుట్టు వదిలేసుకుంటేనే బాగుంటుందని చెప్పి వెళ్లిపోతుంది. ఆ నర్సే హంతకురాలని ఈవ్‌కు తర్వాత అర్థమవుతుంది. హంతకురాలి బొమ్మ గీయించడానికి పిలిచినప్పుడు ఈవ్ ఆ కళ్లనూ, పెదవులనూ, పొడవైన మెడనూ, చూపులోని వెలితినీ ఎంత శ్రద్ధగా వర్ణిస్తుందంటే, అంతా విన్న తర్వాత ఎదుటి వ్యక్తి ఇంతకీ ముఖం చతురస్రంగా ఉంటుందా, కోలగా ఉంటుందా అని అడగవలసి వస్తుంది. ఇది చెప్పగానే చిన్నమ్మ కళ్లు తెరవకుండానే, “గంత మంచిగ సూసినామె ఇగ పట్టుకుంటదా? పట్టుకోదు,” అంది.

ఆ సీరియల్ గురించి నేను చదివిన సమీక్షలలో ఏ ఒక్కటీ ఇంత సూటిగా చెప్పలేదు. ఇందులో నేరపరిశోధన వేరు, ప్రేమ వేరు కావు. హంతకురాలి జాడ వెతకడం కోసం ఈవ్ పెట్టిన శ్రద్ధే ప్రేమ అవుతుంది. తనను అంత పట్టించుకుని చూసిన మనిషి విలనెల్‌కు అంతకుముందు లేదు, ఈవ్‌కూ లేదు.

ఈ సంగతి చిన్నమ్మకు ఏ మాటతో చెప్పాలన్నది మొదట్లో నాకు సమస్య అయింది. 2018 సెప్టెంబర్ 6న ఇద్దరు మగవారో ఇద్దరు ఆడవారో కలవడాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు మన పత్రికలూ చానళ్లూ ‘స్వలింగ సంపర్కం’ అనే మాటను ఎన్నిసార్లు వాడాయో మీకు గుర్తుండే ఉంటుంది. నాకు ఆ మాట వింటే పోలీసు కాగితం చదువుతున్నట్టే ఉంటుంది, ఇంట్లో మంచం పక్కన కూర్చుని పలకగలిగిన మాట కాదు. చివరికి “విలనెల్‌కు ఈవ్ మీద మనసు పడింది” అన్నాను. చిన్నమ్మ “ఊఁ” కొట్టి, తర్వాత ఏమైందని అడిగింది. మాట మన ఇంట్లోనే ఉండగా పత్రికలవారు ఎందుకు అంత దూరం వెళ్లారో నాకు తెలియదు.

ఇక ముగింపు. నాలుగు సీజన్లకూ నలుగురు ప్రధాన రచయిత్రులు మారారు; మొదటి సీజన్‌లో ఫీబీ వాలర్‌బ్రిడ్జ్ బిగించిన ముడి చివరికి వచ్చేసరికి వదులైందని నా అభిప్రాయం. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆఖరి భాగంలో ఇద్దరూ తొలిసారిగా భయం లేకుండా ఒకరినొకరు ముద్దు పెట్టుకుంటారు. థేమ్స్ నది మీద ఒక పడవలో ఇద్దరు మగవారికి ఈవ్ పెళ్లి జరిపిస్తూ ఉండగా, కింది అంతస్తులో విలనెల్ శత్రువులందరినీ చంపి వస్తుంది. ఆ తర్వాత కొద్ది నిమిషాలకే తుపాకీ గుండ్లు తగిలి నీళ్లలో ప్రాణం విడుస్తుంది.

ఆ సమయానికి నేను చిన్నమ్మ కంట్లో చుక్కలు వేసి, కంటి కొనను వేలితో నొక్కి పట్టుకుని ఉన్నాను. ఐదు నిమిషాలు ఆవిడ కళ్లు తెరవకూడదు. తెర మీద నీళ్లు ఎర్రబడుతున్నాయి. ఇద్దరూ ఈదుకుంటూ ఒడ్డుకు చేరారని చెప్పినా ఆవిడకు తెలిసే మార్గం లేదు, చెబుదామనే అనుకున్నాను. తలుపు దగ్గర నిలబడిన నా సహచరి నా వైపే చూస్తోంది.

“ఏమైందే, ఊకున్నవ్?” అంది చిన్నమ్మ.

ఉన్నదే చెప్పాను. ఈవ్ ఒక్కతే నీళ్ల మీదికి వచ్చి అరిచిందనీ, అక్కడితో సమాప్తమనీ చెప్పాను. చంపించినది ఒకప్పుడు ఈవ్‌కు పై అధికారిణి అయిన కరోలిన్ అని ఒక్క క్షణం సూచిస్తారు గానీ ఈవ్‌కు ఆ సంగతి తెలియదు.

“ఎవరు సంపిచ్చిన్రో ఆమెకు తెల్వకుంటనే అయిపాయెనా? గిదేం కథనే?”

నా కోపానికి కారణం సరిగ్గా ఇదే. నేరకథలో చావు జరిగితే, ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని అడిగే మనిషి ఒకరుండాలి. విలనెల్ చంపిన ముక్కూ మొహం తెలియని మనుషుల గురించి ఈవ్ నాలుగేళ్లు అడిగింది, విలనెల్ చావు గురించి అడగడానికి మాత్రం ఆమెకు ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు. విషాదాంతం కావడం మీద నాకు అభ్యంతరం లేదు. స్త్రీలు ఇద్దరు ప్రేమించుకుంటే ఒకరు చావాలనే పాత అలవాటుకు లొంగి, నేరకథ ధర్మాన్ని కూడా వదిలేశారన్నదే నా అభ్యంతరం.

ఈ సీరియల్‌కు ఆధారమైన నవలలు రాసిన ల్యూక్ జెన్నింగ్స్ కూడా ఈ ముగింపును బహిరంగంగా తప్పుపట్టారు. ఆయన పుస్తకంలో ఇద్దరూ బతికే ఉంటారు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కలిసి ఉంటారు. ఆ రాత్రి చిన్నమ్మకు నిద్ర పట్టలేదు. అసలు పుస్తకంలో ఏముందో చెప్పమంటే దీపం ఆర్పి ఆ భాగం చెప్పాను.

“ఆడ సలి మస్తుంటదంటరు,” అంది. కొంతసేపటికి అటువైపు తిరిగి పడుకుంటూ, “ఇద్దరున్నరు గద, ఏం గాదు తియ్,” అంది.