మనుషుల మధ్య సంబంధాలను చదివే శాస్త్రం: అందులో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి గణితం, సోషియాలజీ సబ్జెక్టులతో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పీజీలో సోషల్ నెట్‌వర్క్ అనాలిసిస్ వైపు వెళ్తానంటోంది. ఇది సోషల్ మీడియా మార్కెటింగ్ లాంటిదేనా? ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: మార్కెటింగ్‌కూ దీనికీ పోలిక తక్కువ. ఎవరు ఎవరిని సలహా అడుగుతారు, ఏ సంస్థ ఏ సంస్థకు అప్పిస్తుంది వంటి సమాచారాన్ని సేకరించి, ఆ సంబంధాల అల్లిక మనుషుల ప్రవర్తనను ఎంతవరకు నిర్ణయిస్తుందో కొలిచే శాస్త్రమిది. ఇంటర్నెట్ కంటే చాలా ముందే పుట్టింది. 1930లలో జేకబ్ మొరీనో అనే మనోవైద్యుడు, అమెరికాలోని ఒక బాలికల వసతి పాఠశాల నుంచి విద్యార్థినులు వరుసగా పారిపోవడానికి కారణం వెతుకుతూ, వారిలో ఎవరికి ఎవరంటే ఇష్టమో పటంగా గీసి, పారిపోవాలన్న ఆలోచన ఆ స్నేహాల దారిలోనే పాకిందని వాదించారు.

1973లో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ప్రచురించిన వ్యాసాన్ని మీ అమ్మాయి తప్పక చదవాలి. తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించినవారిని ఆయన ఆరా తీస్తే, ఆ ఉద్యోగం సంగతి చెప్పిన మనిషిని అప్పుడప్పుడు మాత్రమే కలిసేవారమని 55.6 శాతం మంది, అరుదుగా కలిసేవారమని 27.8 శాతం మంది చెప్పారు. మన ఆప్తులకు తెలిసిన సంగతులు చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి కాబట్టి, కొత్త కబురు దూరపు పరిచయాల నుంచి రావడానికే అవకాశం ఎక్కువని ఆయన వివరణ.

ఇక చదువు సంగతి. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, గ్రాఫ్ థియరీ (బిందువులు, వాటిని కలిపే గీతల గణితం) గట్టిగా నేర్చుకోవాలి. ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లో ఏదో ఒకటి చాలు. అయితే సోషియాలజీని మాత్రం వదలవద్దని నా గట్టి సలహా. సాఫ్ట్‌వేర్ ఏ సమాచారం ఇచ్చినా పటం గీసిపెడుతుంది, కానీ దేన్ని సంబంధంగా లెక్కించాలో అది చెప్పదు. ‘మీ స్నేహితులెవరు’ అని అడిగితే వచ్చే పటం వేరు, ‘అవసరానికి ఎవరి దగ్గర డబ్బు అప్పుగా తీసుకున్నారు’ అని అడిగితే వచ్చే పటం వేరు. పైగా నలుగురు కీలక వ్యక్తులు జవాబు ఇవ్వకపోతే పటం రూపమే మారిపోవచ్చు. ఒకరి జవాబు మరొకరి జవాబుతో ముడిపడి ఉంటుంది కాబట్టి మామూలు గణాంక పద్ధతులు కూడా యథాతథంగా పనికిరావు. పేర్లు తీసేసినా, ఎవరితో ఎన్ని సంబంధాలున్నాయన్న దాన్నిబట్టి మనిషిని గుర్తుపట్టే ప్రమాదం ఉంది; ఈ విషయంలో బాధ్యత తెలియనివారు ఈ రంగంలోకి రాకపోవడమే మంచిది.

సరిగ్గా ఈ పేరుతో ప్రకటించే ఉద్యోగాలు తక్కువే. బ్యాంకుల్లో మోసాలను పసిగట్టే విభాగాలు, అంటువ్యాధుల నియంత్రణ, పరిశోధన సంస్థలు ఈ నైపుణ్యాన్ని డేటా అనలిస్ట్, పరిశోధకుడు వంటి హోదాల్లో వాడుకుంటాయి. విదేశాల్లో రహస్యంగా పెట్టిన కంపెనీల గుట్టు విప్పుతూ 2016లో వెలుగు చూసిన పనామా పత్రాలను శోధించిన పాత్రికేయులు, కోటికి పైగా పత్రాల్లోని కంపెనీలకూ యజమానులకూ ఉన్న లింకులను ఈ తరహా పటాలతోనే వెతికారు.

ఈ సెలవుల్లో వేన్ జాకరీ అనే పరిశోధకుడు 1977లో ప్రచురించిన కరాటే క్లబ్ అధ్యయనాన్ని మీ అమ్మాయి తానే చేసి చూడాలి. ఆ క్లబ్ రెండుగా చీలినప్పుడు, అధ్యయనంలోని 34 మంది సభ్యుల్లో ఎవరు ఎటు వెళ్తారో, వారి మధ్య సంబంధాలను బట్టి ఒక్కరి విషయంలో తప్ప జాకరీ సరిగ్గా తేల్చగలిగారు. ఆ సమాచారం పైథాన్‌లో వాడే నెట్‌వర్క్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది. ఆ పని నచ్చితే, పీజీకి కోర్సు పేరు కాక, ఈ అంశంపై పరిశోధన చేస్తున్న అధ్యాపకులు ఏ విభాగంలో ఉన్నారో చూసి దరఖాస్తు చేయించండి.