ట్యాక్సీ పర్మిట్: కారు కొనకముందే తేల్చుకోవలసిన విషయాలు

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. నిరుడు డిగ్రీ పూర్తిచేశాడు. సొంతంగా ట్యాక్సీ సర్వీసు పెట్టుకుంటానంటున్నాడు. నా పేరున ఉన్న ఇంటి కారునే ప్రస్తుతానికి కిరాయికి తిప్పి, పర్మిట్ సంగతి తరువాత చూసుకోవచ్చని అతని స్నేహితులు చెబుతున్నారు. ఇది సబబేనా? పర్మిట్ ఎలా తీసుకోవాలి?

జవాబు: మీ అబ్బాయి ఎంచుకున్న దారిని నేను తప్పుపట్టను. డిగ్రీ చదివినవాడు ట్యాక్సీ నడపడం చిన్నతనమేమీ కాదు. లెక్కలు రాసుకోవడం, కాగితాలు చదివి అర్థం చేసుకోవడం వచ్చినవాడికి ఈ వృత్తిలో మేలే జరుగుతుంది. అయితే స్నేహితులు ఇచ్చిన సలహాను మాత్రం దయచేసి ఈరోజే పక్కన పెట్టించండి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 66వ సెక్షను ప్రకారం పర్మిట్ లేకుండా ఏ వాహనాన్నీ కిరాయికి తిప్పకూడదు. ఆ నిబంధనను మీరితే 192ఎ సెక్షను కింద మొదటి తప్పుకే ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా పడవచ్చు. వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారమూ అధికారులకు ఉంది. ఈ శిక్ష నడిపినవారికే కాదు, నడపనిచ్చినవారికీ వర్తిస్తుంది కనుక, కారు మీ పేరున ఉన్నప్పుడు బాధ్యత మీ మీదకూ వస్తుంది. నన్ను ఇంతకంటే ఎక్కువగా కలవరపెట్టే విషయం బీమా. పర్మిట్ లేకుండా తిప్పడం బీమా షరతులను మౌలికంగా ఉల్లంఘించడమేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. అంటే ప్రమాదం జరిగి ఎవరైనా గాయపడినా, మరణించినా, బీమా సంస్థ బాధితులకు పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని వాహన యజమాని నుంచి తిరిగి రాబట్టుకునే పరిస్థితి ఏర్పడుతుంది. ఒక్క ప్రమాదంతో కుటుంబం ఏళ్ల తరబడి అప్పుల్లో కూరుకుపోవచ్చు.

ఇక పర్మిట్ విషయం. చాలామంది ముందు కారు కొని, ఆ తరువాత దానికి ఏ పర్మిట్ వస్తుందో వెతుకుతారు. ఏ సర్వీసు నడపదలచుకున్నారో ముందుగా నిర్ణయించుకోవాలి. వాహనమూ, పర్మిటూ దాన్నిబట్టే ఉంటాయి. డ్రైవరు కాక ఆరుగురికి మించని ప్రయాణికులు కూర్చునే వాహనం చట్టం దృష్టిలో మోటారు క్యాబ్. ఏడుగురి నుంచి పన్నెండుగురి వరకు పట్టేది మ్యాక్సీ క్యాబ్. ట్యాక్సీకి సాధారణంగా ఇచ్చేది కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్. దీనికి ఒక ముఖ్యమైన హద్దు ఉంది: వాహనాన్ని మాట్లాడుకున్న ప్రయాణికులను మాత్రమే ఎక్కించుకోవాలి తప్ప, దారిలో కనిపించినవారిని సీటుకు ఇంత అని ఎక్కించుకుంటూ, దించుకుంటూ పోకూడదు. అలా చేయడం పర్మిట్ షరతును మీరడమే కనుక, 86వ సెక్షను కింద దాన్ని సస్పెండు చేయవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. రాష్ట్రం దాటి యాత్రికులను, పర్యాటకులను తీసుకువెళ్లాలనుకుంటే అఖిల భారత టూరిస్టు పర్మిట్ అవసరమవుతుంది. దానికి 2023లో కొత్త నియమాలు వచ్చాయి, దరఖాస్తు కూడా ఆన్‌లైన్‌లోనే చేసుకోవాలి.

పర్మిట్ కంటే ముందు వాహనం రవాణా వాహనంగా రిజిస్టరై ఉండాలి. పసుపు రంగు ప్లేటు మీద నల్లని అక్షరాలు అందుకు గుర్తు. ఇంటి కారునే వాడాలనుకుంటే, రవాణా శాఖ కార్యాలయంలో ఆర్సీని సొంత వాహనం తరగతి నుంచి రవాణా తరగతికి మార్పించుకోవాలి. పన్ను, బీమా కూడా అందుకు తగినట్టు మారతాయి. కారు మీద బ్యాంకు అప్పు ఉంటే ముందుగా బ్యాంకు అనుమతి తీసుకోండి. రవాణా వాహనానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి: కొత్త బండికి రెండేళ్లు, ఎనిమిదేళ్ల వయసు వచ్చేవరకు రెండేళ్లకొకసారి, ఆపైన ఏటా. వాహనం ఎక్కడుందో తెలిపే పరికరం, ఆపదలో నొక్కే బటన్ కూడా అమర్చాలి.

రవాణా వాహనం నడపడానికి కనీస వయసు 20 ఏళ్లు కాబట్టి మీ అబ్బాయికి ఆ అడ్డంకి లేదు. తేలికపాటి వాహన లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని ప్రత్యేక అనుమతి లేకుండా నడపవచ్చని 2017లో వచ్చిన తీర్పును 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. అయినప్పటికీ బ్యాడ్జి వంటి రాష్ట్ర నిబంధనలు ఏమున్నాయో కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు కేంద్రం 2018 అక్టోబరులో పర్మిట్ నుంచి మినహాయింపు ఇచ్చింది. కొత్త వాహనమే కొనే ఆలోచన ఉంటే దీన్ని తప్పక లెక్కలోకి తీసుకోండి; రిజిస్ట్రేషను, ఫిట్‌నెస్, బీమా మాత్రం వాటికీ ఉండవలసిందే. యాప్ సంస్థల్లో చేరాలనుకుంటే, 93వ సెక్షను కింద అగ్రిగేటర్ లైసెన్సు తీసుకోవలసింది ఆ సంస్థే. రేపు మీ అబ్బాయే ఇతరుల వాహనాలను ప్రయాణికులతో కలిపే వేదికను నడిపితే, ఆ లైసెన్సు అతనికీ అవసరమవుతుంది.

పర్మిట్ కాలం ఐదేళ్లు. గడువు తీరడానికి కనీసం 15 రోజుల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి. అది వాహన యజమాని పేరున వస్తుంది, అధికారుల అనుమతి లేకుండా మరొకరికి బదిలీ కాదు. అందువల్ల కారు మీ పేరున ఉంచుతారా, అతని పేరుకు మారుస్తారా అన్నది దరఖాస్తుకు ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. వ్యాపారం అతనిదే అయినప్పుడు ఆర్సీ, పర్మిట్, బీమా అన్నీ అతని పేరునే ఉండడం మేలని నా అభిప్రాయం. ఈ పనులన్నీ పూర్తయ్యేలోగా అతన్ని పర్మిట్ ఉన్న ఒక ట్యాక్సీ యజమాని దగ్గర మూడు నాలుగు నెలలు డ్రైవరుగా చేరమనండి. ఇంధనానికి, మరమ్మతులకు ఎంత పోతుందో, బండి ఎన్ని రోజులు ఖాళీగా నిలబడుతుందో రోజూ రాసుకోమనండి. బ్యాంకు అప్పుకు వెళ్లే రోజున ఆ పుస్తకం అతని చేతిలో ఉండాలి.